స్కానరుకి నేను పెట్టిన బొట్టు

రాస్తున్నావా స్రవంతీ? నేను చెప్పింది చెప్పినట్టే రాయి. మధ్యలో నీ దిద్దుబాట్లు వద్దు. అమ్మమ్మకి నోరెక్కువని ఇంటిల్లిపాదికీ తెలిసిందే. ఎక్కువైనచోట నువ్వు ఊపిరి తీసుకో, నన్ను మాత్రం ఆపకు.

సోమవారం నుంచి నువ్వు గనిలో సర్వే పనికి పోతున్నావు. నీతో పాటు ఇంకొందరు పిల్లలు కూడా చేరుతున్నారన్నావుగా, వాళ్ళక్కూడా ఇది చదివి వినిపించు. జగ్గయ్యపేట పక్కన సున్నపురాయి గనిలో నేను ముప్ఫై ఆరేళ్ళు చేశాను. ఏ ఏడు ఏ హోదా ఇచ్చారో నాకే గుర్తు లేదు, మీకెందుకు. రిటైరైన రోజు కప్పిన శాలువా బీరువాలో ఉంది. ఇంతవరకూ మడత విప్పలేదు.

అసలు సంగతి ముందే చెప్పేస్తాను. మా గనిలో ఎక్స్‌కవేటర్ నడిపే కరీముల్లా మీద రాతిగోడ కూలి, కాలు పోయింది. తప్పు అతనిదేనని కాగితాల్లో ఉంది. తప్పు అతనిది కాదు. అది నాకు తెలుసు. తెలిసి, ఇంత నోరున్నదాన్ని, మూడేళ్ళు ఆ ఒక్క విషయంలో నోరు మూసుకున్నాను.

సుత్తి చప్పుడు

గనిని మెట్లు మెట్లుగా తవ్వుతారు. ఒక్కో మెట్టుకీ నిలువుగా నిలబడే రాతిముఖం ఉంటుంది. దాన్నే మేం గోడ అంటాం. సర్వేవాళ్ళ పని రెండు ముక్కల్లో చెప్పొచ్చు. ఎంత రాయి తవ్వారో కొలవడం, గోడ కదులుతోందేమో చూడటం. మొదటిదాని కోసం ఆఫీసరు రోజుకి నాలుగుసార్లు ఫోను చేస్తాడు. రెండోదాని గురించి కూలేదాకా ఎవరూ అడగరు.

నేను చేరినప్పుడు నాకు పని నేర్పింది శేషయ్య గారు. సన్నగా, కోపంగా ఉండేవారు. ఆడపిల్ల సర్వేకి వచ్చిందని మిగతావాళ్ళు నవ్వుకుంటుంటే ఆయన నవ్వలేదు, అలాగని వెనకేసుకునీ రాలేదు. ఆ రోజుల్లో గనిలో ఆడవాళ్ళకి మరుగుదొడ్డి ఉండేది కాదు. మధ్యాహ్నం దాకా మంచినీళ్ళు తాగేదాన్ని కాదు. ఆ సంగతి చెబితే, "అందరికీ ఏదో ఒక బాధ ఉంటుందమ్మా, పని చూడు" అన్నారు. మంచి మనిషని అనను. పని తెలిసిన మనిషి.

గోడలో పగులు కనిపిస్తే ఆయన దానికి అడ్డంగా సన్నటి గాజుపలక పెట్టి, రెండు కొసల్నీ సిమెంటుతో అతికించేవారు. గోడ ఏ కాస్త కదిలినా గాజు పగిలిపోతుంది. రోజూ పొద్దున్నే వెళ్ళి ఆ గాజులు చూడాలి. తర్వాత సుత్తితో రాయిని కొట్టాలి. ఖంగుమంటే గట్టిది. డొల్ల చప్పుడొస్తే రాయి వెనక ఖాళీ ఉన్నట్టు.

ఒక మే నెలలో ఎండకి భయపడి, చూడకుండానే "గాజులు బాగున్నాయి" అని పుస్తకంలో రాసేశాను. ఆయన పుస్తకం చూశారు, నా చెప్పులు చూశారు. చెప్పులకి దుమ్ము లేదు.

"నడు" అన్నారు.

మిట్టమధ్యాహ్నం పదకొండు గాజుల దగ్గరికీ నడిపించారు. అన్నీ బాగానే ఉన్నాయి. "చూశారా సార్, నేను రాసిందే నిజమైంది" అన్నాను. చిన్నప్పటి పొగరు.

"నిజమవడం వేరమ్మాయ్, నువ్వు చూడటం వేరు. ఇవాళ నీ అదృష్టం బాగుంది. ఆ అదృష్టానికి నువ్వు సంతకం పెట్టకు" అన్నారు.

ముప్ఫై ఏళ్ళు ఆ మాట మీదే బతికాను. ఆఖరి ఏడాది తప్పాను.

తిరగని యంత్రం

శేషయ్య గారు పోయాక లేజరు స్కానర్లు వచ్చాయి. మొదట వచ్చినదానికి మూడు కాళ్ళ స్టాండు, పైన గిర్రున తిరిగే తల. ఆ తలలోంచి లేజరు కిరణం పోయి రాయికి తగిలి వెనక్కొస్తుంది. ఎంతసేపట్లో వచ్చిందో చూసి రాయి ఎంత దూరంలో ఉందో లెక్క కడుతుంది. అలా లక్షల చుక్కలు కలిపితే కంప్యూటర్లో గోడ మొత్తం బొమ్మ కడుతుంది. పొడుగు, వెడల్పు, లోతు, అన్నీ. మొదటిసారి ఆ బొమ్మ చూసినప్పుడు, శేషయ్య గారు చూడకుండా పోయారే అని ఏడుపొచ్చింది.

కానీ మన దగ్గరి సున్నపు దుమ్ము సంగతి తెలుసుగా. తిరిగే తలలోకి దుమ్ము దూరి అది కీచుమనేది, మొరాయించేది. ఏడాదికి రెండుసార్లు రిపేరుకి పోయేది.

నా రిటైర్మెంటుకి ఏడాది ఉందనగా కొత్తది తెచ్చారు. జానెడు మందం పెట్టె. దానిలో తిరిగేది ఏదీ లేదు. మోటారు లేదు, అద్దం ఊగదు. వేలిగోరంత చిప్పులోంచే కిరణం వస్తుంది, పక్కలకి తిరుగుతుంది. అదెలాగని హైదరాబాదు నుంచి బిగించడానికొచ్చిన ఇంజినీర్ని అడిగాను. ఆయన అరగంట చెప్పాడు. నాకు అర్థమైంది ఇది. మిరప చేలో కోతకొచ్చిన ఆడవాళ్ళు వరసగా నిలబడతారు చూడు, ఒక కొసవాళ్ళు ముందు అడుగేసి, పక్కవాళ్ళు కాస్త ఆగి, ఆ పక్కవాళ్ళు ఇంకాస్త ఆగి అడుగేస్తే వరస మొత్తం వంపు తిరుగుతుంది. చిప్పులో వెలుతురు బయటికొచ్చే దారులు అలా వరసగా ఉంటాయి. ఒకదాని వెనక ఒకటి రవ్వంత ఆలస్యంగా వదిలితే కిరణం పక్కకి మళ్ళుతుంది. ఏ వస్తువూ కదలక్కర్లేదు.

"అంతే మేడం, నాకన్నా మీరే బాగా చెప్పారు" అన్నాడాయన. ఆ ఒక్క రోజు ఆ యంత్రం మీద నాకు మోజు పుట్టింది. అబద్ధమెందుకు చెప్పను.

దాన్ని ఒక స్తంభం మీద గోడకెదురుగా బిగించారు. పాత స్కానరునైతే నాలుగు చోట్లకి మోసుకెళ్ళేవాళ్ళం. ఒకచోట నుంచి కనబడనిది ఇంకోచోట నుంచి కనబడేది. ఇది బిగించినచోటే ఉంటుంది. అక్కణ్ణుంచి కనబడనిది దానికి ఎప్పటికీ కనబడదు. ఇది రాసి కింద గీత గీయి.

మా గని మేనేజరు రాఘవరావు గారికి రెండు కోరికలుండేవి. హెడ్డాఫీసుకి పంపే బొమ్మ అందంగా ఉండాలి, గనిలో గంట మోగకూడదు. కిరణం బయటికి పోయే ముందు అద్దం మీద దుమ్ము పడితే ఆ యంత్రం గంట కొడుతుంది. మన గనిలో దుమ్ము పడని పూట ఏది? వారం రోజులు వాయించింది. ఆయన ఫోను చేసి ఆ గంట తీయించేశారు. బొమ్మలో అక్కడక్కడా చుక్కలు లేని చోట్ల చిల్లులు కనబడేవి. దానికీ మందుంది. ఒక టిక్కు పెడితే చుట్టుపక్కల రాయిని చూసి కంప్యూటరే ఆ చిల్లుల్ని పూడ్చేస్తుంది.

"మేడం, ఈ టిక్కు తీసి కూడా అప్పుడప్పుడూ చూసుకోండి" అని ఇంజినీరు నాకు ప్రత్యేకంగా చెప్పి వెళ్ళాడు.

గాజుపలకలు ఇక అక్కర్లేదన్నారు. గోడ దగ్గరికి నడవక్కర్లేదన్నారు. నాకూ అప్పటికి మోకాళ్ళ నొప్పులు. సరేనన్నాను.

ఆయుధ పూజ

దసరాకి గనిలో పని ఆపేసి బళ్ళన్నీ కడుగుతారు. డంపర్లకి మామిడాకులు, టైర్ల కింద నిమ్మకాయలు, గుమ్మడికాయ దిష్టి. బళ్ళకి బొట్టు మాత్రం నేనే పెట్టాలి. ఎప్పుడు మొదలైందో తెలియదు, నా చెయ్యి మంచిదని పేరు పడిపోయింది. కరీముల్లా ప్రతి ఏడూ తన ఎక్స్‌కవేటర్ తుడిచి ముందు వరసలో నిలబెట్టేవాడు.

"అక్కా, ముందు నా బండికి. పోయినేడు డంపరుకి ముందు పెట్టావ్, నా దానికి రెండుసార్లు పైపు పగిలింది" అన్నాడు.

"పైపు పగిలింది నీ తోలుడికిరా, నా బొట్టుకి కాదు."

"నీ బొట్టు ఉండబట్టే పైపుతో పోయిందంటున్నా."

అందరూ నవ్వారు. అన్నిటికీ పెట్టాక ఎవరో, "కొత్త పెట్టెకి పెట్టలేదే" అన్నారు. నిజమే, అదీ పనిముట్టేగా. నిచ్చెన వేయించుకుని ఎక్కాను. వెనకంతా వేడి పోవడానికి పెట్టిన ఇనప రెక్కలే, గంధం నిలవదు. ముందువైపు నల్లటి అద్దం, నుదురులాగే ఉంది. గంధం గుండ్రంగా రాసి, మధ్యలో కుంకం పెట్టాను. కింద నిచ్చెన పట్టుకున్నదెవరో కూడా చూడలేదు, నా ధ్యాసంతా బొట్టు మీదే. దిగాక అందరం ఫోటో దిగాం.

నాకు తెలియదా, స్రవంతీ? ఆ అద్దంలోంచే కిరణం పోతుందని నాకు తెలియదా? మిరప కోత వరస కథ చెప్పినదాన్ని నేనే కదా. ఆ క్షణంలో అది నాకు యంత్రంలా కనబడలేదు. పండగపూట బోసి నుదురులా కనబడింది.

చిప్పు గోరంత, అద్దం దానికి బెత్తెడు ముందు. గాజు మీద బొట్టు రూపాయి బిళ్ళంతే. కిరణాలు విచ్చుకుంటూ పోతాయి కాబట్టి గోడ దగ్గరికెళ్ళేసరికి ఆ మరుగు ఇల్లంత. తర్వాత మంచు పడింది, మంచు మీద సున్నపు దుమ్ము పడింది. గంధం గచ్చులా బిగిసింది.

వారానికోసారి అద్దం తుడవాలి. ఆ వారం ఎక్కి తుడిచాను. ఎలా తుడిచానో చెబితే నన్ను కొడతావు. బొట్టుని వదిలేసి చుట్టూ తుడిచాను. పెట్టిన బొట్టు మన చేత్తో మనం చెరుపుతామా? ఎండి అదే రాలిపోతుందిలే అనుకున్నాను.

కంప్యూటర్లో ఉత్తరపు మూల రాయి మరీ నున్నగా కనబడింది. రాయి అంత నున్నగా ఉండదు. మేనేజరు గారి దగ్గరికెళ్ళాను.

"సార్, ఉత్తరపు మూల ఒకసారి నడిచెళ్ళి చూసొస్తే మంచిది."

"యంత్రం కొత్తది రత్నం గారూ, మీ కళ్ళు పాతవి. నడిచెళ్ళి చూసేటట్టయితే అది కొనడమెందుకు?"

పక్కనున్నవాళ్ళు నవ్వారు. నాకు రోషం వచ్చింది, అడుగు మాత్రం పడలేదు. ఆ టిక్కు తీసి చూడటానికి ఒక్క నిమిషం పట్టేది. తీయలేదు. రోజూ "కదలిక లేదు" అని రాసి సంతకం పెట్టాను.

కరీముల్లాకి ఒక అలవాటుండేది. రోజూ బండెక్కేముందు నా కిటికీ దగ్గరికొచ్చి, "అక్కా, గోడ ఎలా ఉంది?" అనేవాడు. స్క్రీను అతనికీ చూపించేవారు. చూసేవాడు కాదు. నేను చెప్పాలి.

ఆ రోజు పొద్దున కూడా అడిగాడు. "బాగానే ఉంది, పో" అన్నాను. తలెత్తి కూడా చూడలేదు.

గంట తిరక్కముందే ఉత్తరపు మూల కూలింది.

నిమ్మచెక్క

అతన్ని ఆస్పత్రికి తీసుకెళ్ళాక నేను కంప్యూటరు ముందు కూర్చుని ఆ టిక్కు తీశాను. గోడ బొమ్మలో గుండ్రటి చిల్లు. కూలిన మూల సరిగ్గా దానిలోనే ఉంది. పదకొండు రోజుల బొమ్మలు వెనక్కి తిప్పాను. ప్రతిదానిలోనూ అదే చోట, అదే గుండ్రం. నా వేలి గుండ్రం.

రాఘవరావు గారికి చూపించాను. గది తలుపు దగ్గరగా వేశారు. తర్వాత మెల్లగా అన్నారు: "విచారణకొస్తారు. ఈలోగా అది తుడిచెయ్యండి. పండగ బొట్టుని ఇందులోకి లాగడం మంచిది కాదు. మీకు రిటైర్మెంటు కూడా దగ్గరపడింది."

నిచ్చెనెక్కాను. తడిగుడ్డకి రాలేదు. సున్నం పులుపుకి కరుగుతుందని వంటింట్లో నేర్చుకున్నదేగా, కింద పడున్న పూజ నిమ్మకాయ కోయించి ఆ చెక్కతో రుద్దాను. వచ్చేసింది. కరీముల్లా ప్రాణం కోసం చెరపని బొట్టుని మేనేజరు మాట కోసం చెరిపాను.

విచారణలో నన్ను అడిగారు: "స్కానరు అద్దం శుభ్రంగా ఉందా?" "ఉందండి" అన్నాను. ఆ పూట శుభ్రంగానే ఉంది మరి. పాత బొమ్మల గురించి వాళ్ళు అడగలేదు, నేను చెప్పలేదు. ఆపరేటరు హద్దు దాటి గోడ కిందికి వెళ్ళాడని మేనేజరు రాశారు. సాక్షిగా నేను సంతకం పెట్టాను. కరీముల్లా హద్దు దాటలేదు. నేను బాగుందన్నచోటికే వెళ్ళాడు.

రాఘవరావు గారు దుర్మార్గుడు కాదు. అదే నా కడుపుమంట. దుర్మార్గుడైతే ఎదురు తిరిగేదాన్నేమో. నెమ్మదిగా, మర్యాదగా, "గారూ" అని అడిగాడు. అలా అడిగేవాళ్ళ దగ్గరే జాగ్రత్తగా ఉండండి.

ఇవాళ్టికి ఇక్కడితో ఆపు. పాత బొమ్మల పెన్‌డ్రైవు, పూజ రోజు ఫోటో నా దగ్గరున్నాయి. గనుల భద్రత ఆఫీసుకి ఉత్తరం రాయాలి. అంతకన్నా ముందు ఇది వినాల్సినవాడు వినాలి.

గరికపాడులో

మళ్ళీ రాయి. ఈ పొద్దున మనం వెళ్ళొచ్చిందే చెబుతున్నా, నువ్వూ ఉన్నావుగా, తప్పు చెబితే సరిదిద్దు. నీ సంగతి వచ్చినచోట స్రవంతి అనే రాయి, వినే పిల్లలకి తెలియాలిగా.

చెక్‌పోస్టు ఇవతల, హైవే పక్కన లారీల పంక్చరు కొట్టు. కరీముల్లా ముక్కాలిపీట మీద కూర్చుని ట్యూబు గీకుతున్నాడు. చేతికర్ర పక్కన ఆనించి ఉంది. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు.

"రా అక్కా. దారి కనిపించిందా?" అన్నాడు. "ఈ అమ్మాయెవరు?"

"నా మనవరాలు. సోమవారం గనిలో సర్వేకి చేరుతుంది."

"గనిలోనా? పేటలో ఉన్న పనులన్నీ అయిపోయాయా?"

ఇంతవరకూ రాసినదంతా స్రవంతి చదివింది. లారీలు పోతున్నప్పుడు ఆగి, మళ్ళీ చదివింది. అతను గీకుతూనే విన్నాడు. నిచ్చెన దగ్గరికొచ్చేసరికి చెయ్యి ఆగింది.

"నిచ్చెన పట్టుకుంది నేనేగా" అన్నాడు. "పైన నువ్వు పెడతా ఉంటే కుంకం నా నెత్తిన కూడా రాలింది."

 ఆ రోజు నేను కిందికి చూడనే లేదు.

"నీకు తెలుసా? మరి విచారణలో ఎందుకు చెప్పలేదురా?"

"ఏమని చెప్పేది? పండగ బొట్టు వల్ల నా కాలు పోయిందని సాయిబు నోటితో చెప్పాలా? రేపు పేటలో నా పిల్లలు తిరగొద్దా?" గొంతు పెంచలేదు. "బొట్టు పెట్టినదానివి నువ్వు. చెప్పాల్సింది నువ్వు. నువ్వే చెబుతావని ఆస్పత్రిలో నెలరోజులు తలుపు వైపు చూశానక్కా. వచ్చినవాళ్ళంతా వచ్చారు. పండ్లు తెచ్చారు. నువ్వు రాలేదు."

తప్పయిపోయిందని అన్నాను. ఆ మాట ఎంత చిన్నదో అన్నాకే తెలిసింది. అతను దాన్ని తీసుకోలేదు, తిప్పికొట్టనూ లేదు.

"ఉత్తరం ఏదీ?"

రాసి తెచ్చిన కాగితం ఇచ్చాను. తనకి రానిచోట స్రవంతి చేత చదివించుకున్నాడు. కింద ఖాళీ చూపించాడు. "సంతకం లేదే?"

"నీకు వినిపించి పెడదామని."

"వినిపించావుగా. పెట్టు."

లారీ టైరు మీద కాగితం ఆనించి పెట్టాను. స్రవంతి ఫోటో తీసింది. వచ్చేదారిలో పోస్టులో వేశాం. వాళ్ళు ఏం చేస్తారో, అసలు విప్పుతారో లేదో నాకు తెలియదు. అతని పేరు మీది మచ్చ పోతుందని మాటివ్వలేను. మాటిచ్చే మొహం కాదు నాది.

కరీముల్లా పక్క హోటలుకి కేకేసి టీలు చెప్పాడు. రెండు చెప్పాడు. ఒకటి తనకి, ఒకటి స్రవంతికి. నేను నిలబడే ఉన్నాను. అడగలేదు. అడిగే హక్కు లేదు.

బయల్దేరబోతుంటే స్రవంతిని పిలిచాడు. నన్ను చూడలేదు.

"అమ్మాయ్, సోమవారం నువ్వు పోయే గనిలో గోడ ఎలా ఉంది?"

అది బిత్తరపోయింది. "నాకెలా తెలుస్తుంది తాతయ్యా? ఇంకా చూడలేదు."

"ఆఁ. ఎవరడిగినా, నీ కాళ్ళతో వెళ్ళి చూసేదాకా ఆ మాటే చెప్పు" అని ట్యూబు మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు.